కనబడని చోట చేయు పని

చదువవలసిన భాగములు: ఆదికాండము 31:36–42, నెహెమ్యా 13:15–22, కొలొస్సయులకు 3:22 – 4:1

పని అనగా ఇల్లు విడిచి పోవుట అని మన పెద్దలు తలంచెడివారు. పొలమునకు పోయినవాడు, మిల్లునకు పోయినవాడు, బడికి పోయినవాడు పనికి పోయినాడనిరి. ఇంటిపట్టున కూర్చున్నవానిని పనిలేనివాడనిరి. ఇప్పుడు ఆ లెక్క మారినది. మేడమీది గదిలో తలుపు వేసికొని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న యువకుడు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్న కంపెనీకి పని చేయుచున్నాడు. అతని యజమాని అతనిని తెరమీద కొంతసేపు చూచును, మిగిలిన దినమంతయు చూడడు. ఆ పని యేమిటో తండ్రికి తెలియదు. అది పనియో కాదో ఇరుగుపొరుగువారికి తెలియదు.

ఇట్టి పని మంచిదా, చెడ్డదా అని కొందరు విశ్వాసులు అడుగుచున్నారు. ఇంట కూర్చుండి పని చేయుటలో దోషము లేదు; ఆఫీసుకు పోయి చేయుటలో విశేషమైన పుణ్యమును లేదు. అయితే ఈ పనిలో ఒకరినొకరు చూడరు. మనుష్యులు చూడని చోట పనివాడు ఏలాగు నడుచుకొనవలెను? తాను చూడని పనివానియెడల యజమాని ఏలాగు నడుచుకొనవలెను? వారిద్దరి మధ్యను చిక్కిన ఇల్లు ఏమి కావలెను? మనము ఆలోచింపవలసిన సంగతి ఇదియే.

ఇది మనకు క్రొత్త కాదు

మంగళగిరి, చీరాల, పోచంపల్లి మొదలగు చోట్ల నేతవాని మగ్గము ఇంటిలోనే యుండును. షావుకారు నూలు ఇచ్చును. ఇంటిల్లిపాది కూడి పని చేయుదురు. నేసిన బట్ట షావుకారునొద్దకు పోవును. తెలంగాణలో నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల స్త్రీలు తునికాకును పొగాకును ఇంటికి తెచ్చుకొని బీడీలు చుట్టి మరల అప్పగించుచున్నారు. మన సంఘములకు వీటికంటె దగ్గరి సంగతి నర్సాపురపు లేసు. 19వ శతాబ్దములో మిషనెరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు ఈ అల్లిక నేర్పిరి. అరుగుమీద కూర్చుండి వారు అల్లిన లేసు సముద్రములు దాటి దొరల ఇండ్లలోని బల్లలమీద పరువబడెను. అల్లిన స్త్రీ కొన్నవారిని చూడలేదు. కొన్నవారు ఆమె పేరైనను ఎరుగరు. 2024లో ఈ లేసుకు ప్రభుత్వమువారి భౌగోళిక గుర్తింపు లభించినది.

పరిశుద్ధ గ్రంథములో ఇంతకంటె పాత మాదిరి యున్నది. లాబాను తనకును యాకోబునకును మధ్య మూడు దినముల ప్రయాణమంత దూరము పెట్టెననియు, యాకోబు అంత దూరమున అతని మందను మేపెననియు ఆదికాండము 30:36లో చదువుచున్నాము. యజమాని ఒకచోట, పనివాడు ఒకచోట, మధ్యను మూడు దినముల త్రోవ. ఈనాటి మన పిల్లల సంగతియు ఇట్టిదే.

క్రొత్తది ఏమనగా, ఆ మూడు దినముల త్రోవ ఇప్పుడు రెప్పపాటు అయినది. 1973లో అమెరికాలో జాక్ నిల్లెస్ అను ఇంజనీరు, వేలమంది కార్లలో రోడ్లమీద కాలమును పెట్రోలును పోగొట్టుకొనుట చూచి, పనివాడు పనియొద్దకు పోవుటకు బదులు పనినే తంతిమీద పనివానియొద్దకు పంపవచ్చునని చెప్పెను. ఆ మాట 50 సంవత్సరములవరకు కొద్దిమందికే అక్కరకు వచ్చెను. 2020 మార్చి 25న మన దేశమంతయు మూయబడినప్పుడు, ఆఫీసులలో పని చేయు లక్షలమంది ఒక్క వారములో ఇండ్లలో కూర్చుండి పని చేయవలసి వచ్చెను. మన పిల్లలు అనేకులు పట్టణపు గదులు ఖాళీచేసి గ్రామములకు వచ్చిరి. తరువాత కంపెనీలు చాలమందిని మరల పిలిచినవి. వారములో కొన్ని దినములు ఇంట, కొన్ని దినములు ఆఫీసులో అను పద్ధతియు పలుచోట్ల నిలిచినది. ఈ పని ఇక పూర్తిగా పోవునదికాదు.

1. పనివాని నమ్మకత్వము

మన పొలములలో పని రెండు విధములుగా జరుగును. రోజు కూలికి పిలిచినయెడల మేస్త్రి గట్టుమీద నిలువవలెను. అతడు మరలినప్పుడు కొందరి నడుములు లేచును. గుత్తకు ఇచ్చినయెడల గట్టుమీద ఎవరును నిలువనక్కరలేదు, నాటిన మడియే సాక్ష్యము చెప్పును. ఇంటనుండి చేయు పనికి గుత్త పద్ధతియే తగినది. అయితే అనేక కంపెనీలు ఇంటనున్న పనివానిని సహితము రోజు కూలివానిగానే ఎంచి, గట్టుమీద ఒక యంత్రమును నిలిపినవి. అది కొన్ని నిమిషములకొకసారి తెరను ఫొటో తీయును. వ్రేళ్లు మీటలను ఎన్నిమారులు తాకినవో లెక్కించును.

దానికి మారుగా కొందరు పనివారు ఏమి చేసిరి? తాము నిద్రించినను మౌస్ దానియంతట అది కదలుచుండు చిన్న పరికరమును కొనిరి. 2024లో అమెరికాలోని ఒక పెద్ద బ్యాంకు, పని చేయకయే చేయుచున్నట్లు మీటలను కదలించిరని కొందరు ఉద్యోగులను తొలగించెను. మన దేశములో 2022లో విప్రో కంపెనీ, తమ జీతము తీసికొనుచునే రహస్యముగా పోటీ కంపెనీలకు పని చేసిరని 300 మందిని తొలగించినట్లు ప్రకటించెను. యంత్రము కావలి కాచును, మరియొక యంత్రము దానిని మోసగించును. వీటి నడుమ పని జరిగినదా లేదా అను సంగతి మరువబడును.

పౌలు కొలొస్సయులకు వ్రాయుచు, యజమాని కన్ను తనమీద ఉన్నంతవరకే చేయు సేవను గూర్చి హెచ్చరించెను. ఆ మాటలు దాసులకు వ్రాయబడినవి. వారికి జీతమును లేదు, హక్కును లేదు. అట్టివారిని సహితము, నీవు చేయు పని చూచువాడు ఒకడున్నాడు గనుక హృదయపూర్వకముగా చేయుమని అతడు ప్రోత్సహించెను. జీతమును స్వేచ్ఛయు ఉన్న మనము ఎంత ఎక్కువగా ఆలాగు చేయవలెను? యాకోబు కపటము ఎరుగనివాడు కాడు. చారల చువ్వల కథ మనమెరుగుదుము. అయినను 20 సంవత్సరముల తరువాత లాబాను ఎదుట నిలువబడి, పగటి యెండకును రాత్రి మంచుకును ఓర్చితిననియు, నీ మందలోని పొట్టేలును తినలేదనియు చెప్పగలిగెను. మూడు దినముల దూరమున ఒక పొట్టేలును తినినయెడల లాబానుకు ఏలాగు తెలియును? తెలియకపోయినను తినలేదు. అదియే నమ్మకత్వము.

దూరమున నుండువారందరు సోమరులని యెంచుట కూడ అన్యాయము. చైనా దేశపు షాంఘైలో ప్రయాణపు టిక్కెట్లు అమ్ము సీట్రిప్ అను కంపెనీలో 2010 డిసెంబరు మొదలు తొమ్మిది నెలలు ఒక పరీక్ష జరిగెను. ఇష్టపడినవారిలో చీటీలు వేసినట్లుగా కొందరిని ఏరి వారములో నాలుగు దినములు ఇంటనుండి పని చేయనిచ్చిరి, కొందరిని ఆఫీసులోనే ఉంచిరి. ఇంటనున్నవారి పని నూటికి 13 వంతులు పెరిగెను. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు నికొలస్ బ్లూమ్ మొదలగువారు దీనిని పరిశోధించి 2015లో ప్రచురించిరి. చూచువారు లేకున్నను మనుష్యులలో అనేకులు పని చేయుదురని ఇందువలన మనకు తెలియుచున్నది.

2. యజమాని న్యాయము

మనము పనివారికి మాత్రమే బోధించి ఊరకున్నయెడల సగము సువార్తయే చెప్పినవారమగుదుము. పౌలు దాసులకు చెప్పిన వెంటనే యజమానులవైపు తిరిగి, మీకును పరలోకమందు యజమానుడున్నాడు గనుక న్యాయము చేయుడని హెచ్చరించెను.

మొదట, నమ్మక విషయము. 2022లో మైక్రోసాఫ్టు కంపెనీ 11 దేశములలో 20,000 మందిని విచారించినప్పుడు, పనివారిలో నూటికి 87 మంది తాము చక్కగా పని చేయుచున్నామనిరి. అధికారులలో నూటికి 12 మందికి మాత్రమే ఆ విషయమై పూర్తి నమ్మకము ఉండెను. చూచినదే నమ్ముదుననువాని సంకటము ఇది. పోతీఫరు తన ఇంటిని యోసేపు చేతికి అప్పగించి, తరువాత దేనినిగూర్చియు విచారింపలేదు. ఆ నమ్మకమువలన అతని ఇల్లు ఆశీర్వదింపబడెను గాని చెడిపోలేదు.

రెండవదిగా, కనబడనివానికి దక్కవలసిన మేలు. పైన చెప్పిన పరీక్షలో ఇంటనున్నవారు ఎక్కువ పని చేసినను, వారి పనికి తగినంతగా పై ఉద్యోగములు వారికి దొరకలేదు. కంటికి ఎదురుగా నుండువాడు జ్ఞాపకము వచ్చును, దూరమున నుండువాడు మరువబడును. నర్సాపురపు లేసు స్త్రీల గతియు ఇట్టిదే. 1982లో మరియా మీస్ అను జర్మను విద్వాంసురాలు వారిని గూర్చి ఒక పుస్తకము ప్రచురించిరి. ఆ స్త్రీలు దినమునకు 6 మొదలు 8 గంటలు అల్లుచున్నను, లోకము వారిని పనివారిగా ఎంచక, ఇంటి ఆడవారు తీరికవేళ చేయు కాలక్షేపముగా ఆ పనిని ఎంచెననియు, అందువలన కూలి మిక్కిలి తగ్గి లాభము వ్యాపారులకు చేరెననియు ఆమె చూపిరి. మిషనెరీలు నేర్పిన చేతిపని బీదలకు ఆధారమైనది, దానికొరకు దేవునికి స్తోత్రము. అయితే ఆ ఆధారమునుండి అన్యాయపు లాభమును కొందరు తీసికొనిరి, దీనిని దాచరాదు. చేను కోసినవారి కూలి బిగబట్టబడినప్పుడు ఆ కూలియే మొఱ్ఱపెట్టునని యాకోబు 5:4లో ఉన్నది. అరుగుమీద అల్లినవారి కూలియు, మేడమీది గదిలో చేసినవారి కూలియు అట్లే మొఱ్ఱపెట్టును.

మూడవదిగా, నష్టము ఎవరు భరింతురు? మృగములు చీల్చిన గొఱ్ఱెల నష్టమును నేనే పెట్టుకొంటినని యాకోబు లాబానుతో చెప్పెను. ఇప్పుడు కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు, కుర్చీ, బల్ల, ఇంటి గది, ఇవన్నియు ఆఫీసునుండి ఇంటిమీదికి వచ్చినవి. వీటిలో తన వంతు భరించు యజమాని న్యాయవంతుడు. అంతర్జాతీయ కార్మిక సంస్థవారి లెక్క ప్రకారము 2019లో లోకమందు 26 కోట్లమంది ఇంటనుండి పని చేయుచుండిరి; వారిలో నూటికి 56 మంది స్త్రీలు. ఇంటనుండి పని చేయు కూలివారిని ఇతర కూలివారితో సమానముగా చూడవలెనని ఆ సంస్థ 1996లోనే ఒక ఒడంబడిక చేసెను. బీడీలు చుట్టునామెకును కంప్యూటరు పనివానికిని ఈ న్యాయము ఒక్కటే.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. కనబడని యజమాని ఒక్కొక్కప్పుడు అసలు లేనే లేడు. ఇంట కూర్చుండి సంపాదించవచ్చునని సెల్ ఫోనుకు సందేశము పంపి, ముందుగా రిజిస్ట్రేషను సొమ్ము అడుగువారు మోసగాండ్రు. జీతము ఇచ్చువాడు పనివానినుండి ముందు సొమ్ము అడుగడు. బంగారము తాకట్టుపెట్టకముందు తెలిసినవారితో ఒక మాట చెప్పుడి.

3. ఇంటి హక్కు

ఒక తల్లి నాతో, "అయ్యగారండీ, మా అబ్బాయి ఇంట్లోనే ఉంటున్నాడు గానీ మాతో లేడండి" అనెను. ఈ మాటలో చాల సత్యమున్నది. పూర్వము ఆఫీసు తలుపు మూసిన పని ముగిసెడిది. ఇప్పుడు పని పడకగదిలోనికి వచ్చి, పళ్లెము ప్రక్కన కూర్చుండినది. న్యూయార్కులో ఉదయము 9 గంటలైనప్పుడు మనకు చలికాలమున రాత్రి 7:30 అగును. అది మన ఇండ్లలో కుటుంబ ప్రార్థన జరుగు వేళ. తండ్రి బైబిలు తెరచు సమయమునకే కుమారునికి అమెరికానుండి పిలుపు వచ్చును.

నెహెమ్యా దినములలో యెరూషలేములో ఇట్టి చిక్కే కలిగెను. విశ్రాంతిదినమున వర్తకులు చేపలను సరకులను తెచ్చి అమ్ముచుండిరి. నెహెమ్యా వారి వర్తకమును చెడ్డదనలేదు. చీకటిపడుచుండగా గుమ్మముల తలుపులు మూయించి, తన పనివారిని అక్కడ కావలియుంచెను. వర్తకులు ఒకటి రెండు మారులు గోడవెలుపల రాత్రి గడపిరి, పిమ్మట రాలేదు. తలుపు మూయనిది పని వెలుపల ఆగదు. ఈ సంగతి ఇప్పుడు ప్రభుత్వములును గ్రహించుచున్నవి. ఫ్రాన్సు దేశములో 2017 జనవరి 1నుండి 50 మందియు అంతకు మించియు ఉన్న కంపెనీలు, పనివేళలు దాటిన పిమ్మట పనివారు ఫోనును కంప్యూటరును ప్రక్కన పెట్టు హక్కును గూర్చి వారితో ఒడంబడవలెనని చట్టము వచ్చినది. ఆస్ట్రేలియా దేశములో 2024 ఆగస్టులో ఇట్టి హక్కు అమలులోనికి వచ్చెను. అయితే చట్టమున్నను లేకున్నను, ఇంటి గుమ్మమునకు కావలివాడు ఆ ఇంటివాడే.

ఒంటరితనమును గూర్చియు ఒక మాట. షాంఘైలోని పరీక్ష ముగిసి, ఇష్టమైనచోట పని చేయవచ్చునని చెప్పినప్పుడు, ఇంటనున్నవారిలో దాదాపు సగముమంది ఆఫీసుకే మరలిపోయిరి. పని బాగుగానే జరిగెను గాని ఒంటరితనము వారిని బాధించెను. అపొస్తలుడైన యోహాను తన రెండవ పత్రికను ముగించుచు, వ్రాయవలసినవి ఇంకను అనేకములున్నను సిరాతో కాగితముమీద వ్రాయుట ఇష్టములేదనియు, వచ్చి ముఖాముఖిగా మాటలాడ నిరీక్షించుచున్నాననియు తెలిపెను. ఆ కాలపు పత్రికవలెనే ఈ కాలపు తెరయు ఉపయోగకరమైనది. అయినను మనుష్యుని సంతోషము మనుష్యుని ముఖము చూచుటలో నున్నది.

రాబోవు దినములు

ఈ సాధనములు ఇంకను వృద్ధినొందును. 1870లో బొంబాయినుండి సూయజువరకు సముద్రము క్రింద తంతి వేయబడినప్పుడు జనులు ఆశ్చర్యపడిరి. ఇప్పుడు వెండ్రుకవలె సన్నని గాజు దారములలో వెలుగే వార్తను మోయుచున్నది. గ్రామ పంచాయతులన్నిటికి ఇట్టి కేబులు వేయుటకు కేంద్ర ప్రభుత్వము 2011లో ఒక పథకము ఆరంభించెను. దానినే ఇప్పుడు భారత్‌నెట్ అందురు. ఇందువలన మేలు కలుగుననుటలో సందేహము లేదు. కాళ్లు లేని సహోదరుడు బస్సు ఎక్కకయే జీతము సంపాదించును. చంటిబిడ్డగల సహోదరి చదువు వ్యర్థముకాదు. వృద్ధులైన తల్లిదండ్రుల ఇంట మరల దీపము వెలుగును.

అయినను ఒక సంగతి మరువకుడి. కేబులుమీద మన గ్రామమునకు రాగల పని, అదే కేబులుమీద మనకంటె తక్కువ కూలికి చేయు మరియొక దేశమునకు పోగలదు. కృత్రిమ మేధ అను యంత్రబుద్ధి ఇప్పుడే ఉత్తరములు వ్రాయుచున్నది, లెక్కలు కట్టుచున్నది, కంప్యూటరు ప్రోగ్రాములను సహితము అల్లుచున్నది. కాబట్టి దూరపు ఉద్యోగము వచ్చెనని అప్పుచేసి మేడలు కట్టువారు నిదానించి లెక్క చూచుకొనవలెను. పని నేర్చుకొనుట ఆపనివాడును, మాట తప్పనివాడును ఏ కాలమందైనను యజమానికి కావలసినవాడే.

మరియు తెరమీది పని వెనుక చేతి పని యున్నది. 2025 సెప్టెంబరులో ఎఱ్ఱసముద్రములో కేబుళ్లు తెగినప్పుడు మన దేశమువరకు ఇంటర్నెట్ మందగించెను. ఓడలలో పోయి వాటిని పైకి తీసి అతికించువారు మనుష్యులే. గాలివాన తరువాత స్తంభమెక్కు లైన్‌మాన్ ఇంటనుండి పని చేయలేడు. నర్సు చేయలేదు. వీధి ఊడ్చునామె చేయలేదు. 2020 వేసవిలో కొందరము ఇండ్లలో క్షేమముగా కూర్చుండి జీతము తీసికొనుచుండగా, వలస కూలీలు బిడ్డలను భుజములమీద మోసికొని వందల మైళ్లు నడిచిరి. ఆ దృశ్యము మన మనస్సులలో చెరిగిపోకూడదు. ఇంట కూర్చుండి పని చేయు సౌఖ్యము ఎవరికి దొరికెనో వారు, ఎండలో పని చేయువారికి ఋణస్థులు.

మనము చేయవలసినది

యౌవనులారా, పని ముగించు గడియ ఒకటి ఏర్పరచుకొని, దానిని యజమానికి మర్యాదగా తెలియజేయుడి. ఆ గడియవరకు మీ కాలము ఆయనది, దానిలో దొంగిలకుడి. ఆ గడియ తరువాత అది మీ ఇంటివారిది, దానిని అమ్ముకొనకుడి. మీ పని యేమిటో అమ్మకు నాన్నకు అర్థమగునట్లు చెప్పుడి.

తల్లిదండ్రులారా, కుమార్తె ఇంట కూర్చుండి ఉద్యోగము చేయుచున్నప్పుడు ఆమెను ఖాళీగా ఉన్నదని యెంచి పదిమారులు పిలువకుడి. లేసు స్త్రీలకు లోకము చేసిన అన్యాయమును మన ఇంటిలోనే మనము చేయకుందుము గాక.

సంఘ పెద్దలారా, మన ప్రార్థన మందిరపు ప్రక్క హాలు వారములో ఆరు దినములు తాళము వేసియుండుచున్నది. అక్కడ రెండు బల్లలు, ఒక ఫ్యాను, ఒక ఇంటర్నెట్ కనెక్షను ఉంచినయెడల, వేరు వేరు గదులలో ఒంటరిగా పని చేయు మన పిల్లలు, ఏ మతమువారైనను, కలిసి కూర్చుందురు. మధ్యాహ్నము కలిసి భోజనము చేయుదురు. దీనికి పెద్ద ఖర్చు కాదు. వచ్చే కమిటీలో ఆలోచింపుడి.

కుటుంబ ప్రార్థనలో మాటలాడుకొనుటకు:

1. యజమాని చూడని గంటలో నేను చేసిన పనిని, అతడు చూచినయెడల నేను సిగ్గుపడుదునా?

2. మన పొలములోను, మన ఇంటిలోను మనకొరకు పని చేయువారిలో మనము చూడకుండ విడిచినవారెవరు? వారి కూలి సరిగా ముట్టినదా?

3. మన ఇంటి తలుపు సాయంకాలము ఏ గంటకు పనికి మూయబడుచున్నది?